యూనిట్ - 6 : విలియం షేక్‌స్పియర్ కుటుంబం, బాల్యం, విద్య

విషయక్రమం

6.0 లక్ష్యాలు
6.1 పరిచయం
6.2 స్ట్రాట్‌ఫర్డ్ పట్టణం
6.3 తల్లిదండ్రులు
6.4 తోబుట్టువులు
6.5 బడి చదువు
6.6 కుటుంబం అప్పులపాలు కావడం
6.7 వివాహం, సంతానం
6.8 కూతుళ్ల చదువు
6.9 ఆధారాలు, జనశ్రుతులు
6.10 సారాంశం
6.11 ముఖ్య పదాలు
6.12 మాదిరి పరీక్షా ప్రశ్నలు

6.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:
- షేక్‌స్పియర్ తల్లిదండ్రుల సామాజిక, ఆర్థిక స్థితిని వివరించగలుగుతారు.
- 16వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో ఒక చిన్న పట్టణంలోని ఉచిత పాఠశాల ఎవరికి ఉపయోగపడిందో, ఎవరికి ఉపయోగపడలేదో చెప్పగలుగుతారు.
- ఒక కుటుంబం ఎదిగి, తరువాత చితికిపోయిన క్రమాన్ని ఆధారాలతో చర్చించగలుగుతారు.
- చారిత్రక ఆధారానికీ, జనశ్రుతికీ గల తేడాను గుర్తించగలుగుతారు.

6.1 పరిచయం

షేక్‌స్పియర్ పేరు తెలుగువారికి కొత్త కాదు. 19వ శతాబ్దంలోనే వావిలాల వాసుదేవశాస్త్రి 'జూలియస్ సీజర్' నాటకాన్నీ, కందుకూరి వీరేశలింగం 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్' నాటకాన్నీ తెలుగులోకి తెచ్చారు. అయితే ఆ నాటకాలు రాసిన వ్యక్తి ఎటువంటి ఇంట్లో పుట్టాడు, ఎలా పెరిగాడు అన్న విషయం మనలో చాలామందికి అంతగా పరిచయం లేదు.

షేక్‌స్పియర్ ఆత్మకథ రాయలేదు. ఆయన డైరీ గాని, ఇంటికి రాసిన ఉత్తరాలు గాని మనకు దొరకలేదు. దొరికినవి చర్చి రిజిస్టర్లు, పట్టణ మండలి లెక్కల పుస్తకాలు, కోర్టు కాగితాలు, ఆస్తి దస్తావేజులు, వీలునామాలు. వీటిలో ఏదీ ఒక కవి జీవితకథ చెప్పడానికి రాసినది కాదు. జరిమానా వసూలుకో, భూమి తాకట్టుకో, పెళ్లి అనుమతికో, శవాన్ని పూడ్చిన లెక్కకో రాసినవి. ఇటువంటి కాగితాల నుంచే చరిత్రకారులు ఒక కుటుంబం కథను కూర్చారు.

ఈ యూనిట్‌లో మనం ఒక ప్రశ్నను వెంటబెట్టుకొని ముందుకు సాగుదాం. సంతకానికి బదులు నిశానీ పెట్టిన తల్లిదండ్రుల ఇంట్లో పుట్టిన కొడుకు అంత చదువు ఎలా సంపాదించగలిగాడు? ఆ చదువు అదే ఇంట్లోని మిగిలినవారికి అందిందా?

6.2 స్ట్రాట్‌ఫర్డ్ పట్టణం

స్ట్రాట్‌ఫర్డ్ ఇంగ్లండ్ మధ్యభాగంలో, వార్విక్‌షైర్‌లో ఏవన్ నది ఒడ్డున ఉన్న సంత పట్టణం. లండన్‌కు సుమారు 160 కిలోమీటర్ల దూరం. 16వ శతాబ్దంలో అక్కడి జనాభా రెండు వేలకు మించి ఉండదు. చుట్టుపక్కల పల్లెల రైతులు ధాన్యం, పశువులు, ఉన్ని తెచ్చి అమ్ముకొనేవారు. తోళ్ల పని, బార్లీతో మాల్ట్ తయారీ అక్కడి ముఖ్యమైన వృత్తులు.

మధ్యయుగంలో ఈ పట్టణ వ్యవహారాలను 'హోలీ క్రాస్ గిల్డ్' అనే మత సంఘం చూసుకొనేది. బడిని నడిపినది కూడా ఆ సంఘమే. మత సంస్కరణల కాలంలో 1547లో గిల్డ్ రద్దయింది. 1553లో ఆరవ ఎడ్వర్డ్ రాజు ఇచ్చిన శాసనపత్రం ప్రకారం పట్టణానికి స్వపరిపాలన వచ్చింది. పాత గిల్డ్ ఆస్తుల ఆదాయం కొత్త మండలికి చేరింది. అందులో నుంచి ఏడాదికి 20 పౌండ్ల జీతంతో ఒక ఉపాధ్యాయుని నియమించి, పట్టణంలోని మగపిల్లలకు ఉచితంగా చదువు చెప్పించాలన్న ఏర్పాటు జరిగింది. షేక్‌స్పియర్ పుట్టడానికి పదకొండేళ్ల ముందు జరిగిన ఈ ఏర్పాటును గుర్తుంచుకోండి. మన ప్రశ్నకు సమాధానంలో సగం ఇక్కడే ఉంది.

6.3 తల్లిదండ్రులు

తండ్రి జాన్ షేక్‌స్పియర్ స్నిటర్‌ఫీల్డ్ అనే పల్లెలో కౌలురైతు కొడుకు. పొలం పని వదిలి పట్టణానికి వచ్చి, మెత్తని తోళ్లను పదును చేసి చేతితొడుగులు కుట్టే వృత్తి చేపట్టాడు. పట్టణంలో ఆయన పేరు మొదటిసారి కనిపించేది 1552లో. హెన్లీ వీధిలో పెంటకుప్ప వేసినందుకు ఆయనకు ఒక షిల్లింగు జరిమానా విధించారు. 1556లో అదే వీధిలో ఇల్లు కొన్నాడు.

తల్లి మేరీ ఆర్డెన్ విల్మ్‌కోట్ గ్రామంలోని సంపన్న రైతు రాబర్ట్ ఆర్డెన్ ఎనిమిదిమంది కూతుళ్లలో చివరిది. జాన్ తండ్రి కౌలుకు చేసినది ఈ రాబర్ట్ ఆర్డెన్ భూమినే. అంటే కౌలుదారు కొడుకు భూస్వామి కూతురిని పెళ్లాడాడన్నమాట. 1556లో చనిపోయిన రాబర్ట్ తన వీలునామాలో విల్మ్‌కోట్‌లోని భూమిని మేరీకి రాశాడు. వీలునామాను అమలు జరిపే బాధ్యతను కూడా ఆమెకు అప్పగించాడు. అక్కలు ఇంతమంది ఉండగా చిన్నకూతురికి ఆ బాధ్యత దక్కడం ఆమె సమర్థతపై తండ్రికి ఉన్న నమ్మకాన్ని తెలుపుతుంది.

జాన్ పట్టణ మండలిలో మెట్టుమెట్టుగా ఎదిగాడు. 1556లో రొట్టె, ఏల్ అనే పానీయం నాణ్యతను తనిఖీ చేసే చిన్న పదవితో మొదలుపెట్టి, 1558లో కానిస్టేబుల్, తరువాత మండలి లెక్కలు చూసే చేంబర్లెయిన్, 1565లో ఆల్డర్‌మన్ అయ్యాడు. 1568లో బెయిలిఫ్‌గా ఎన్నికయ్యాడు. ఇది నేటి మేయర్ పదవి వంటిది. అప్పటికి విలియం వయసు నాలుగేళ్లు.

ఇంత ఎదిగిన జాన్ కాగితాల మీద పేరు రాసేవాడు కాదు. ఒక్కోసారి శిలువ గుర్తు, ఒక్కోసారి తన వృత్తి పనిముట్టయిన వృత్తలేఖిని బొమ్మ గీసేవాడు. 1579 నాటి దస్తావేజుపై మేరీ పెట్టినదీ గుర్తే. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆ కాలంలో పిల్లలకు ముందు చదవడం నేర్పి, రాయడం ఆ తరువాత నేర్పేవారు. రాయగలిగినవారు కూడా కొన్నిసార్లు గుర్తు పెట్టేవారు. కాబట్టి నిశానీ పెట్టినంత మాత్రాన ఒక వ్యక్తికి చదవడం రాదని నిశ్చయించలేం. పట్టణం లెక్కలు చూసిన మనిషి పూర్తి నిరక్షరాస్యుడని చెప్పడం తొందరపాటే. కాని ఆయనకు బడి చదువు ఉన్నట్టు చూపే ఆధారం లేదు.

6.4 తోబుట్టువులు

జాన్, మేరీ దంపతులకు ఎనిమిదిమంది పిల్లలు. 1558లో పుట్టిన జోన్ పసితనంలోనే చనిపోయింది. 1562 డిసెంబరులో బాప్టిజం పొందిన మార్గరెట్‌ను 1563 ఏప్రిల్‌లో పూడ్చిపెట్టారు. ఇద్దరు ఆడపిల్లలను పోగొట్టుకున్న ఇంట్లో మూడో సంతానంగా విలియం పుట్టాడు. ఆయన బాప్టిజం 1564 ఏప్రిల్ 26న జరిగినట్లు రిజిస్టరులో ఉంది. ఏప్రిల్ 23న పుట్టాడన్నది సంప్రదాయంగా చెప్పుకొనే మాట.

అదే ఏడాది జూలైలో చర్చి రిజిస్టరులో ఒక సమాధి నమోదు పక్కన, ప్లేగు ఇక్కడ మొదలైందని లాటిన్‌లో రాశారు. ఏడాది ముగిసేలోగా ఆ చిన్న పట్టణంలో రెండు వందలకు పైగా మరణించారు. మూడు నెలల పసికందు ఉన్న ఇంటి తలుపు దగ్గరకు మహమ్మారి వచ్చి వెనుదిరిగిందని చెప్పవచ్చు.

విలియం తరువాత గిల్బర్ట్ (1566), జోన్ (1569), ఆన్ (1571), రిచర్డ్ (1574), ఎడ్మండ్ (1580) పుట్టారు. చనిపోయిన బిడ్డ పేరును తరువాతి బిడ్డకు పెట్టడం అప్పటి వాడుక. అందువల్ల ఇంట్లో రెండో జోన్ వచ్చింది. అందరికంటే ఎక్కువకాలం, 1646 వరకు, జీవించినది ఈమే.

మీ ప్రగతిని పరిశీలించుకోండి - 1
1. 1553 నాటి శాసనపత్రం వల్ల స్ట్రాట్‌ఫర్డ్ బడికి కలిగిన ప్రయోజనం ఏమిటి?
2. నిశానీని నిరక్షరాస్యతకు నిదర్శనంగా ఎందుకు తీసుకోలేం?

6.5 బడి చదువు

స్ట్రాట్‌ఫర్డ్ బడిలో ఆ కాలపు విద్యార్థుల పట్టిక ఏదీ మిగలలేదు. అయినా బెయిలిఫ్ స్థాయి వ్యక్తి కొడుకు ఇంటికి నడక దూరంలో ఉన్న ఉచిత పాఠశాలలోనే చదివి ఉంటాడని చరిత్రకారులు దాదాపు ఏకాభిప్రాయంతో ఉన్నారు. నాటకాలలో కనిపించే లాటిన్ పరిచయం దీనికి బలం చేకూరుస్తుంది.

పిల్లలు మొదట చిన్నబడిలో అక్షరాలు నేర్చుకొనేవారు. పిడి ఉన్న చెక్కపై అక్షరాలు, ప్రార్థన అచ్చువేసిన కాగితాన్ని అంటించి, పైన పలుచని కొమ్ము రేకు అమర్చిన 'హార్న్‌బుక్' వారి పలక. ఏడేళ్ల ప్రాంతంలో మగపిల్లలు గ్రామర్ స్కూల్‌లో చేరేవారు. వేసవిలో ఉదయం ఆరు గంటలకు, చలికాలంలో ఏడు గంటలకు బడి మొదలై సాయంత్రం దాకా సాగడం ఆనాటి రివాజు. నేర్పేది ప్రధానంగా లాటిన్. విలియం లిలీ పేరుతో ప్రసిద్ధమైన వ్యాకరణాన్ని వల్లెవేయాలి. తరువాత సిసెరో, వర్జిల్, ఓవిడ్, టెరెన్స్, ప్లాటస్ వంటి రచయితలను చదవాలి. లాటిన్‌ను ఇంగ్లీషులోకి, ఇంగ్లీషును తిరిగి లాటిన్‌లోకి మార్చాలి. ఒకే విషయాన్ని రకరకాలుగా చెప్పడం, ఇతరుల పాత్రలోకి వెళ్లి ప్రసంగం రాయడం కూడా అభ్యాసాలే. తప్పు చేస్తే బెత్తం దెబ్బలు తప్పవు.

ఈ చదువు వృథా పోలేదు. 'మెర్రీ వైవ్స్ ఆఫ్ విండ్సర్'లో విలియం అనే పిల్లవాడిని లాటిన్ వ్యాకరణంపై ప్రశ్నలు అడిగే హాస్య సన్నివేశం ఉంది. అదే నాటకంలో చేతితొడుగులు చేసేవాడి కత్తి ప్రస్తావన కూడా వస్తుంది. బడి, తండ్రి దుకాణం రెండూ అక్కడ పక్కపక్కన కనిపిస్తాయి. 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'కు మూలం ప్లాటస్ రాసిన కవలల నాటకం. రోమన్ రచయిత కథ స్ట్రాట్‌ఫర్డ్ కుర్రవాడి ద్వారా ఇంగ్లీషులోకి, అక్కడి నుంచి వీరేశలింగం ద్వారా తెలుగులోకి వచ్చిందన్నమాట.

బడి ఉన్న గిల్డ్ హాల్‌కు మరొక ప్రాముఖ్యం ఉంది. పట్టణ మండలి సమావేశాలు జరిగేదీ అక్కడే. 1569లో జాన్ బెయిలిఫ్‌గా ఉన్నప్పుడు రెండు నాటక బృందాలు పట్టణానికి వచ్చాయి. మండలి నిధుల నుంచి రాణిగారి బృందానికి 9 షిల్లింగులు, వూస్టర్ ప్రభువు బృందానికి ఒక షిల్లింగు చెల్లించారు. తండ్రి అధికారం, కొడుకు చదువు, ఊరి నాటకం ఒకే ఆవరణలో ఉన్నాయి.

6.6 కుటుంబం అప్పులపాలు కావడం

1570ల ఆరంభంలోనే జాన్‌పై చట్టవిరుద్ధంగా వడ్డీకి అప్పులివ్వడం, అనుమతి లేకుండా ఉన్ని వ్యాపారం చేయడం వంటి అభియోగాలు వచ్చాయి. 1576 తరువాత ఆయన మండలి సమావేశాలకు రావడం దాదాపు మానేశాడు. 1578లో ఆల్డర్‌మన్లు పేదల సహాయార్థం వారానికి 4 పెన్నీల చొప్పున ఇవ్వాలని నిర్ణయించినప్పుడు జాన్‌ను మినహాయించారు. ఒకప్పుడు పట్టణానికి పెద్దగా ఉన్న మనిషి ఆ నాలుగు పెన్నీలు కూడా ఇవ్వలేడని తోటివారు గుర్తించారు.

అదే ఏడాది నవంబరులో మేరీ పుట్టింటి నుంచి వచ్చిన విల్మ్‌కోట్ భూమిని 40 పౌండ్లకు తాకట్టు పెట్టారు. తాకట్టు పట్టినవాడు పరాయివాడు కాదు, మేరీ అక్క భర్త ఎడ్మండ్ లాంబర్ట్. 1580లో గడువుకు డబ్బు తీసుకువెళ్తే, మిగతా బాకీలు కూడా తీరిస్తేనే భూమి ఇస్తానని ఆయన అన్నాడని షేక్‌స్పియర్ కుటుంబం తరువాత ఆరోపించింది. కోర్టుకు వెళ్లారు. 1580ల చివరి వ్యాజ్యంలో తల్లిదండ్రులతోపాటు విలియం పేరు కూడా ఉంది. భూమి మాత్రం తిరిగి రాలేదు. ఈ నష్టం అందరికంటే మేరీకి ఎక్కువ. పోయినది తండ్రి ఆమెను నమ్మి ఇచ్చిన భూమి. వివాహిత స్త్రీ ఆస్తిపై అధికారం భర్త చేతిలో ఉండే న్యాయవ్యవస్థ అది.

1579 ఏప్రిల్‌లో ఏడేళ్ల ఆన్ చనిపోయింది. ఆ పాప అంత్యక్రియలకు గంట మోగించడానికీ, శవంపై కప్పే వస్త్రానికీ 8 పెన్నీలు చెల్లించినట్లు లెక్కల్లో ఉంది. అప్పుల మధ్య కూడా ఆ తండ్రి మానుకోని ఖర్చు అది. అప్పటికి విలియం వయసు పద్నాలుగు దాటి పదిహేను కావస్తోంది. చెల్లెలి మరణం, తల్లి భూమి తాకట్టు, తండ్రి ఇంటికి పరిమితం కావడం అన్నీ తెలిసే వయసు.

మండలి సభ్యులు జాన్ పట్ల ఓపిక చూపారు. పదేళ్లపాటు ఆయన పేరును జాబితాలో ఉంచి, 1586లో గాని మరొకరిని నియమించలేదు. 1592లో చర్చికి రానివారి జాబితాలో జాన్ పేరు ఉంది. అప్పులవాళ్లు పట్టుకుంటారన్న భయంతో రావడం లేదని అధికారులు కారణం రాశారు. పాత కేథలిక్ విశ్వాసమే అసలు కారణమని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. దీనిపై చర్చ నేటికీ ముగియలేదు.

షేక్‌స్పియర్ విశ్వవిద్యాలయానికి వెళ్లలేదు. ఆయన పుట్టిన ఏడాదే కాంటర్‌బరీలో చెప్పులు కుట్టే వ్యక్తి ఇంట్లో పుట్టిన నాటకకర్త క్రిస్టఫర్ మార్లో విద్యార్థి వేతనంతో కేంబ్రిడ్జిలో చదివాడు. కాబట్టి చేతివృత్తులవారి పిల్లలకు పైచదువు అసాధ్యమేమీ కాదు. పెద్దకొడుకు చదువుకు వెళ్లవలసిన వయసులో ఇల్లు అప్పుల్లో ఉండడం ఇక్కడ గమనించదగినది.

6.7 వివాహం, సంతానం

1582 నవంబరులో, పద్దెనిమిదేళ్ల వయసులో, విలియం షాటరీ గ్రామానికి చెందిన ఆన్ హాతవేను పెళ్లాడాడు. ఆమెకు సుమారు ఇరవై ఆరేళ్లు. ఆమె తండ్రి ముందు ఏడాదే చనిపోయాడు. పెళ్లి త్వరగా జరగడానికి వీలుగా, చర్చిలో మూడుసార్లు చదవవలసిన ప్రకటనను ఒక్కసారికి తగ్గించమని కోరారు. అందుకు ఆమె తరఫు రైతులిద్దరు 40 పౌండ్లకు పూచీ పడ్డారు. ఆరు నెలలకు, 1583 మే 26న, పెద్దకూతురు సుజానాకు బాప్టిజం జరిగింది. తొందరకు కారణం దీనితో తెలుస్తుంది. 1585 ఫిబ్రవరి 2న కవలలు హామ్నెట్, జుడిత్‌లకు బాప్టిజం జరిగింది. పొరుగువారైన సాడ్లర్ దంపతుల పేర్లే పిల్లలకు పెట్టారు.

1592 నాటికి విలియం లండన్ నాటకరంగంలో పేరు తెచ్చుకున్నాడు. భార్యాపిల్లలు స్ట్రాట్‌ఫర్డ్‌లోనే ఉన్నారు. 1596 ఆగస్టు 11న పదకొండేళ్ల హామ్నెట్‌ను పూడ్చిపెట్టారు. ఆ తరువాత రెండు నెలలకే, అక్టోబరులో, జాన్ షేక్‌స్పియర్‌కు కుటుంబ చిహ్నం మంజూరైంది. అంటే ఆయన, ఆయన కొడుకులు అధికారికంగా పెద్దమనుషుల వర్గంలో చేరారు. అప్పుల్లో పోయిన పరువు కొడుకు సంపాదనతో తిరిగి వచ్చింది. కాని ఆ చిహ్నాన్ని విలియం తరువాత ధరించవలసిన ఒక్కగానొక్క కొడుకు అప్పటికే లేడు.

మరుసటి ఏడాది విలియం పట్టణంలోని పెద్ద ఇళ్లలో ఒకటైన 'న్యూ ప్లేస్'ను కొన్నాడు. జాన్ 1601లో, మేరీ 1608లో మరణించారు. నటుడైన చిన్న తమ్ముడు ఎడ్మండ్ ఇరవై ఏడేళ్లకే, 1607 డిసెంబరులో, లండన్‌లో చనిపోయాడు. అతనికోసం పెద్ద గంట మోగించడానికి 20 షిల్లింగులు చెల్లించారు. చెల్లెలు ఆన్‌కు పెట్టిన 8 పెన్నీల ఖర్చుతో దీనిని పోల్చి చూడండి. ఇరవై ఎనిమిదేళ్లలో ఇంటి స్తోమత ఎంత మారిందో తెలుస్తుంది.

6.8 కూతుళ్ల చదువు

ఇప్పుడు మన ప్రశ్న రెండో భాగానికి వద్దాం. పెద్దకూతురు సుజానా తన పేరు సంతకం చేయగలిగేది. ఆమె 1607లో వైద్యుడు జాన్ హాల్‌ను పెళ్లాడింది. చిన్నకూతురు జుడిత్ 1611లో ఒక దస్తావేజుకు సాక్షిగా ఉండి, పేరుకు బదులు గుర్తు పెట్టింది. అప్పటికి ఆమె తండ్రి ఇంగ్లండ్‌లోకెల్లా పేరున్న నాటకకర్త, ఆస్తిపరుడు. నిశానీ విషయంలో జాన్‌కు వర్తించే జాగ్రత్త జుడిత్‌కూ వర్తిస్తుంది. ఆమెకు చదవడం వచ్చి ఉండవచ్చు. అయినా ఒక మాట నిశ్చయంగా చెప్పవచ్చు. ఆమె తండ్రికి తలుపు తెరిచిన గ్రామర్ స్కూల్ ఆమెకు తెరవలేదు. 1553 నాటి ఏర్పాటు మగపిల్లలకే పరిమితం. ఇక్కడ అడ్డువచ్చినది పేదరికం కాదు, నియమం.

1929లో ఆంగ్ల రచయిత్రి వర్జీనియా వూల్ఫ్ తన 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్' గ్రంథంలో షేక్‌స్పియర్‌కు అంతే ప్రతిభ గల ఒక చెల్లెలు ఉండి ఉంటే ఏమయ్యేదని ఊహించి, ఆమెకు జుడిత్ అని పేరు పెట్టింది. అది కల్పన. దస్తావేజు మీద కూతురు జుడిత్ పెట్టిన గుర్తు మాత్రం కల్పన కాదు.

1616 మార్చిలో రాసిన వీలునామాలో న్యూ ప్లేస్‌తోసహా ఆస్తిలో అధికభాగం సుజానాకు చెందింది. జుడిత్‌కు కొంత డబ్బు, భార్యకు ఇంట్లోని రెండో మంచి మంచం దక్కాయి. చెల్లెలు జోన్ హెన్లీ వీధి ఇంట్లోనే జీవితకాలం ఉండే ఏర్పాటు చేశాడు. ఏప్రిల్ 23న ఆయన మరణించాడు. సుజానా కూతురు ఎలిజబెత్ 1670లో చనిపోవడంతో షేక్‌స్పియర్ సంతతి అంతరించింది.

6.9 ఆధారాలు, జనశ్రుతులు

షేక్‌స్పియర్ బాల్యం గురించి చాలా కథలు ప్రచారంలో ఉన్నాయి. తండ్రి కసాయి అనీ, విలియం దూడను కోసేటప్పుడు ఉపన్యాసం ఇచ్చేవాడనీ 17వ శతాబ్దంలో జాన్ ఆబ్రే రాశాడు. జాన్ చేతితొడుగుల వృత్తిని తెలిపే కాగితాలు ఆ మాటను సమర్థించవు. 1709లో తొలి జీవితకథ రాసిన నికొలస్ రో, విలియం ఒక భూస్వామి తోటలో జింకలను దొంగిలించి ఊరు విడిచాడని చెప్పాడు. అదే రో ఆ ఇంట్లో పదిమంది పిల్లలని రాశాడు. చర్చి రిజిస్టరు ఎనిమిదిమందినే చూపుతుంది. అయితే ఇంటి ఇబ్బందుల వల్ల తండ్రి కొడుకును బడి మాన్పించాడన్న రో మాట 1578 నాటి కాగితాలతో పొసగుతుంది. అందుచేత ఒక రచయిత చెప్పిన మాటలన్నిటినీ ఒక్కసారిగా నమ్మడం గాని, తోసిపుచ్చడం గాని సరికాదు. ప్రతి మాటనూ విడిగా ఆధారంతో సరిచూడాలి.

మీ ప్రగతిని పరిశీలించుకోండి - 2
1. 1578లో షేక్‌స్పియర్ కుటుంబానికి ఎదురైన ఇబ్బందులు ఏవి?
2. నికొలస్ రో చెప్పిన విషయాలలో రిజిస్టరుతో పొసగనిది ఏది?

6.10 సారాంశం

షేక్‌స్పియర్ నిరుపేద ఇంట్లో పుట్టలేదు, గొప్పింట్లోనూ పుట్టలేదు. చేతివృత్తితో ఎదిగిన తండ్రి, భూమి గల ఇంటినుంచి వచ్చిన తల్లి ఆయనకు బాల్యంలో భద్రత ఇచ్చారు. ఆయన కౌమారంలో ఆ భద్రత చెదిరింది. తల్లి భూమి చేజారింది, తండ్రి పదవి పోయింది. కాని మండలి సొమ్ముతో నడిచిన ఉచిత పాఠశాలలో నేర్చిన చదువు ఏ అప్పులవాడూ జప్తు చేయలేనిది. ఆయన ప్రతిభ ఆయనదే, ఆ ప్రతిభకు భాషను ఇచ్చినది మాత్రం ఊరి బడి. అదే బడి ఆయన చెల్లెళ్లకూ, కూతుళ్లకూ ప్రవేశం లేనిది. ఒక ఇంటి కాగితాలు ఈ రెండు సంగతులనూ చూపుతున్నాయి.

6.11 ముఖ్య పదాలు

ఆల్డర్‌మన్ : పట్టణ మండలిలో సీనియర్ సభ్యుడు.
బెయిలిఫ్ : పట్టణ మండలి అధ్యక్షుడు, నేటి మేయర్ వంటివాడు.
గ్రామర్ స్కూల్ : ప్రధానంగా లాటిన్ వ్యాకరణం, సాహిత్యం బోధించే పాఠశాల.
నిశానీ : సంతకానికి బదులుగా పెట్టే గుర్తు.
జనశ్రుతి : ఆధారం లేకుండా నోటిమాటగా వ్యాపించిన కథ.

6.12 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. జాన్ షేక్‌స్పియర్ ఉన్నతిని, పతనాన్ని ఆధారాలతో వివరించండి.
2. షేక్‌స్పియర్ కుటుంబంలో స్త్రీ పురుషులకు చదువు, ఆస్తి విషయాలలో లభించిన అవకాశాలను పోల్చి చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఆనాటి గ్రామర్ స్కూల్‌లో బోధన ఎలా జరిగేది?
2. విల్మ్‌కోట్ భూమి తాకట్టు గురించి రాయండి.
3. మీ కుటుంబంలో గాని, మీ ఊరిలో గాని రెండు తరాల కిందటి దస్తావేజు ఒకటి చూసి, అందులో సంతకం చేసినవారు ఎవరో, నిశానీ పెట్టినవారు ఎవరో గుర్తించి వ్యాఖ్యానించండి.